కెమెరా మార్చే ముందు మీ మూడు ఫోటోలను మళ్ళీ చూడండి

మీ ప్రశ్న చదివాను. జతచేసిన మూడు ఫోటోలనూ పెద్ద తెర మీద తీరిగ్గా చూశాను. మీ దగ్గర ఐదేళ్ళుగా నికాన్ డీ3500 కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్ ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా ఫోటోల్లో జీవం రావడం లేదు. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (వెలుగును పట్టే సెన్సారు పెద్దదిగా ఉండి, లోపల అద్దం లేని కెమెరా) కొంటే తప్ప లాభం లేదని మీ మిత్రులు అంటున్నారు. దాదాపు లక్షన్నర రూపాయలు వాయిదాల మీద కట్టి దాన్ని కొనాలా, లేక ఉన్నదానితోనే కొనసాగాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడే కొనవద్దు అన్నది నా సమాధానం. డబ్బు దాచుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, మనుషుల ముఖాలు, పాత కట్టడాలు తీస్తూ, కొన్నేళ్ళుగా కుర్రవాళ్ళకు ఈ పని నేర్పుతూ నేను గమనించినది ఒకటుంది. ఫోటో బాగా రానప్పుడు ఆ లోపం కెమెరాదా, వెలుతురుదా, మనం నిలబడ్డ చోటుదా, బటన్ నొక్కిన క్షణానిదా అని విడదీసి చూడడం తెలియనంత కాలం, ఎంత ఖరీదైన కెమెరా చేతికి వచ్చినా అవే లోపాలు ఇంకాస్త స్పష్టంగా కనబడతాయి తప్ప పోవు. మీ మూడు ఫోటోలనూ ఆ విధంగా ఒక్కొక్కటిగా విడదీసి చూపిస్తాను. వాటిలో రెండింటికి కెమెరాతో అసలు సంబంధమే లేదు. మూడోదానిలో కొంత ఉంది.

మొదటిది చార్మినార్. డిసెంబరు చివరి వారంలో, మధ్యాహ్నం పన్నెండు దాటాక, గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి తీశానని రాశారు. ఆకాశం తెల్లగా వెలిసిపోయింది, కట్టడం నల్లగా, చదునుగా, అట్టముక్క కత్తిరించి నిలబెట్టినట్టు వచ్చింది. కెమెరాకు డైనమిక్ రేంజ్ (వెలుగును, నీడను ఒకేసారి పట్టే శక్తి) చాలలేదని మీ మిత్రుడు చెప్పాడట. ఇప్పుడు దిక్కులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1591లో కట్టిన ఈ కట్టడపు నాలుగు కమానులూ సరిగ్గా నాలుగు దిక్కులకు చూస్తాయి. గుల్జార్ హౌజ్ దానికి ఉత్తరాన ఉంది. అంటే మీరు దక్షిణం వైపు తిరిగి, కట్టడపు ఉత్తర ముఖాన్ని తీశారు. మన హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల డిసెంబరు నెలలో సూర్యుడు పొద్దంతా దక్షిణం వైపే ఉంటాడు, మిట్టమధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తు దాటడు. కాబట్టి మీరు నొక్కిన సమయానికి సూర్యుడు మీకు ఎదురుగా, చార్మినార్ వెనక ఉన్నాడు. మీరు చూస్తున్న గోడ మీద ఆ నెలంతా నేరుగా ఒక్క కిరణం కూడా పడదు. ఏ కంపెనీ కెమెరా తెచ్చినా ఆ గోడకు లేని వెలుగును తెచ్చి పెట్టలేదు. కొత్త కెమెరాతో అయితే నీడలో ఉన్న భాగాన్ని కంప్యూటర్‌లో ఇంకొంచెం పైకి లాగవచ్చు. అప్పుడు నల్లటి అట్టముక్క బూడిదరంగు అట్టముక్క అవుతుంది, అంతే.

అదే రోజు, అదే సమయంలో, మీరు కట్టడాన్ని చుట్టి దక్షిణానికి, అంటే మక్కా మసీదు వైపుకు వెళ్ళి వెనక్కి తిరిగి ఉంటే, అదే కెమెరాలో నీలి ఆకాశం, వెలుగు పడిన గోడలు వచ్చి ఉండేవి. ఒకవేళ మీకు గుల్జార్ హౌజ్ వైపు దృశ్యమే కావాలంటే, మే నెల ఉదయం వెళ్ళండి. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయిస్తాడు. మే నెలలో తొలి గంటలో ఆ వెలుగు ఉత్తర ముఖాన్ని పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. గచ్చుతో చేసిన పూలు, తీగలు, మినార్ల మీది వంపులు అన్నీ చిన్న చిన్న నీడలతో పైకి తేలి వస్తాయి. ఎదురుగా పడే వెలుగులో ఆ గచ్చు పని చదునుగా ఉంటుంది, పక్క వెలుగులోనే దాని లోతు తెలుస్తుంది. పడమటి వైపు అంటే లాడ్ బజార్ వైపు సాయంత్రం వెళ్ళాలి. ఇంకో సంగతి. మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం మన ఊళ్ళో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా ఉన్న వస్తువుకు నీడే పడదు. ఆ రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా కట్టడాల ఫోటోలు తీయడం మానుకొని కమానుల లోపలి భాగాలు తీసుకోవడం మేలు. ఇదంతా నేను ఏ కెమెరా పుస్తకంలోనూ చదువుకోలేదు. ఒకే చోటుకు ఏడాదిలో వేర్వేరు నెలల్లో వెళ్ళి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీరూ అలాగే రాసుకోవచ్చు, దానికి అయ్యే ఖర్చు మెట్రో టికెట్టు, తెల్లవారుజామున లేవడం.

రెండోది మీ అమ్మమ్మగారి ఫోటో. నిజానికి నన్ను ఇంత పొడవుగా రాయించింది ఈ ఫోటోయే, ఎందుకంటే ఆమె ముఖం చాలా గొప్ప ముఖం, ఆ ఫోటోలో అది కనబడడం లేదు. ముక్కు పెద్దదిగా, చెంపలు ఉబ్బినట్టుగా వచ్చాయని, కిట్ లెన్స్ నాణ్యత లేకపోవడమే కారణమని మీరు అనుకుంటున్నారు. ఫైలులో ఉన్న వివరాలు చూశాను. 18 మిల్లీమీటర్ల దగ్గర, అంటే లెన్సు అన్నిటికన్నా విశాలంగా చూసే చోట తీశారు. ఫ్రేము నిండా ముఖం రావాలని బాగా దగ్గరికి వెళ్ళారు, బహుశా ముక్కుకు లెన్సుకు మధ్య దూరం 40 సెంటీమీటర్లు ఉంటుంది. చెవి ముక్కు కన్నా సుమారు 12 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. 40కి, 52కి ఉన్న తేడా వల్ల ముక్కు చెవితో పోలిస్తే ఉండవలసిన దాని కన్నా 30 శాతం పెద్దదిగా నమోదవుతుంది. అదే మీరు ఒకటిన్నర మీటరు దూరానికి వెనక్కి జరిగి, అదే లెన్సును 55 దగ్గర పెట్టి తీస్తే ఆ తేడా 8 శాతానికి తగ్గుతుంది. ముఖం మనం ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు కనబడే ముఖంలాగే ఉంటుంది. ముఖం ఉబ్బినట్టు రావడం లెన్సు చేసిన పని కాదు, దూరం చేసిన పని. లక్ష రూపాయల లెన్సుతో 40 సెంటీమీటర్ల దగ్గర నుంచి తీసినా ముక్కు అంతే వస్తుంది.

ఇక వెలుతురు. ఆమెను పెరట్లో ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పైనుంచి పడే ఎండలో కనుబొమల కింద కళ్ళు చీకటి గుంటలైపోయాయి, నుదురు, ముక్కు చివర తెల్లగా మెరిసిపోయాయి. ఆమె ఎండకు కళ్ళు చికిలించారు. వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, నీలిరంగు ప్లాస్టిక్ బకెట్టు, తల మీద నుంచి మొలిచినట్టు ఒక పైపు ఉన్నాయి. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కాలేదు కాబట్టి పెద్ద అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) ఉన్న లెన్సు కావాలని రాశారు. బ్లర్ చేసి దాచవలసిన వస్తువులను ముందే ఫ్రేములో లేకుండా చూసుకోవచ్చు కదా! కుర్చీని పెరట్లోంచి తీసి గడప లోపల, ద్వారానికి ఒక మీటరు దూరంలో వేయండి. ఆమె ముఖం బయటి వైపు కాకుండా, ద్వారానికి కాస్త ఏటవాలుగా ఉండాలి. మీరు ద్వారబంధం పక్కన నిలబడండి. అప్పుడు ఆకాశపు వెలుగు ఆ ద్వారం గుండా మెత్తగా ఒక చెంప మీద పడి, రెండో చెంప దగ్గరికి వచ్చేసరికి మెల్లగా నీడలోకి జారుతుంది. ఆమె ముడతల్లో ఉన్న ఎనభై ఏళ్ళ బతుకు అప్పుడు చదవడానికి వీలవుతుంది. ఆమె వెనక గది లోపలికి వెలుగు త్వరగా తగ్గిపోతుంది కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ దానంతట అదే చీకటిలోకి వెళ్ళిపోతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటిగా ఉంటే కెమెరా దాన్ని కూడా వెలుగులోకి తేవాలని ప్రయత్నించి ముఖాన్ని తెల్లబరుస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగును, మైనస్ 1 దగ్గర పెట్టి చూసుకోండి. నీడ వైపు చెంప మరీ నల్లబడితే ఒక తెల్లటి థర్మోకోల్ షీటును, అది లేకపోతే ఉతికిన తెల్ల పంచెను మడిచి, ఫ్రేములోకి రాకుండా ఆ వైపు పట్టుకోమని ఇంట్లో ఎవరినైనా అడగండి. కంటిపాపలో ద్వారం ఆకారంలో చిన్న తెల్లటి మెరుపు కనబడుతుందో లేదో చూసి అప్పుడు నొక్కండి. ఆ మెరుపు లేకపోతే కళ్ళు ఎంత షార్పుగా వచ్చినా గాజు కళ్ళలా ఉంటాయి.

మూడోది పెళ్ళి. జీలకర్ర బెల్లం పెడుతున్న సమయంలో తీసిన ఫోటో కదలి మసకబారింది, ముందు వరుసలో ఎవరివో తలలు అడ్డం వచ్చాయి, వీడియో తీసేవారి భుజం సగం ఫ్రేమును మింగేసింది. ఇక్కడ మీ ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది. ఆ ఫంక్షన్ హాలులో వెలుతురు తక్కువ. మీ కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది). ఐఎస్ఓను, అంటే అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలన్న సెట్టింగును, 800 దగ్గరే ఆపేసినందువల్ల షటర్ స్పీడు 1/20 సెకనుకు పడిపోయింది. నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని భయపడి ఐఎస్ఓ పెంచలేదని రాశారు. ఆ భయం వదిలేయండి. ఐఎస్ఓ 3200 పెట్టి ఉంటే 1/80 వచ్చేది, నిలకడగా పట్టుకుంటే ఫోటో దక్కేది. పెళ్ళి ఆల్బమ్ చూసేవారు నాయిస్‌ను గమనించరు. పెళ్ళికూతురి ముఖం కదిలితే మాత్రం ప్రతి ఒక్కరూ గమనిస్తారు. ఆ చిన్న కెమెరాకు ఒక సాధారణ ఫ్లాష్ తగిలించి, దాన్ని ముఖాల మీదికి కాకుండా పైన ఉన్న తెల్లటి సీలింగుకు తిప్పి కొట్టినా సరిపోయేది.

అయితే తలలు, భుజాలు అడ్డం రావడానికి ఐఎస్ఓ కారణం కాదు. మన పెళ్ళి ఫోటోగ్రాఫరుకు ముందుగా తెలియవలసింది పెళ్ళి తంతు. అడ్డుతెర ఎటువైపు నుంచి ఎవరు పట్టుకుంటారు, ముహూర్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించుతారా, ముందే దించుతారా, మంగళసూత్రం కట్టేటప్పుడు పెళ్ళికూతురి జడ ఎవరు ఎత్తి పట్టుకుంటారు — ఇవన్నీ ఇంటింటికీ, ప్రాంతం ప్రాంతానికీ కొంత మారుతుంటాయి. కాబట్టి గంట ముందే పురోహితుల వారి దగ్గరికి వెళ్ళి, నమస్కారం పెట్టి అడిగి తెలుసుకోవాలి. తెర దించగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ చూపు ఒకటి రెండు సెకన్లు ఉంటుంది. దాని కోసం మీరు పది నిమిషాల ముందు నుంచే ఆ చోట మోకాళ్ళ మీద కూర్చుని ఉండాలి. జీలకర్ర బెల్లం అప్పుడు చేతులు కాసేపు కదలవు, 1/80, 1/125 సరిపోతాయి. తలంబ్రాలప్పుడు బియ్యపు గింజలు గాలిలో విడివిడిగా ఆగినట్టు కనబడాలంటే 1/500 కావాలి. గింజలు చారలై జలపాతంలా కనబడాలంటే 1/60 చాలు. రెండూ అందమైనవే. ఏది కావాలో ముందే అనుకుని ఉండాలి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. ఇరవై ఏళ్ళ కిందట అప్పు చేసి ఒక ఖరీదైన జూమ్ లెన్సు కొన్నాను. కొత్త లెన్సుతో ముహూర్తం ఫోటో తీయాలన్న ఆత్రంలో, సరిగ్గా తెర దించే సమయంలో కెమెరాకు ఉన్న పాత లెన్సు తీసి కొత్తది బిగిస్తున్నాను. తల ఎత్తేసరికి మేళం ఉధృతంగా మోగుతోంది, అక్షింతలు పడుతున్నాయి, తెర లేదు. ఆ చూపు నా దగ్గర లేదు. వారం తరువాత పెళ్ళికూతురి తండ్రి ప్రూఫులన్నీ తిరగేసి, “అమ్మాయి అబ్బాయిని మొదటిసారి చూసిన ఫోటో ఏదండీ?” అని మెల్లగా అడిగారు. ఆయన కోప్పడి ఉంటే కొంత తేలికగా ఉండేది. ఆ తరువాత ముహూర్తానికి పావుగంట ముందు నుంచి నేను లెన్సు మార్చిన పెళ్ళి లేదు.

సామగ్రి గురించి మీరు అడిగిన లెక్కలకు వస్తాను. మీ కెమెరాలో సెన్సారు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు. ఫుల్ ఫ్రేమ్ అంటే సుమారు 36, 24. వైశాల్యంలో రెండింతలకు కాస్త పైగా ఉంటుంది. అంటే ఒకే అపెర్చర్, ఒకే షటర్ స్పీడు దగ్గర దానికి దక్కే మొత్తం వెలుగు కూడా అంతే ఎక్కువ, సుమారు ఒక స్టాప్ పైచిలుకు (వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్ అంటాం). ఇది నిజమైన లాభమే, కాదనను. కానీ మీ కిట్ లెన్స్ ఎఫ్ 5.6 స్థానంలో ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్సు (జూమ్ లేని లెన్సు) పెడితే వెలుగు తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. లక్షన్నర పెట్టి కొన్న బాడీకి (లెన్సు లేని కెమెరాకు) మళ్ళీ ఎఫ్ 5.6 లెన్సే తగిలిస్తే, దాని ధరలో చిన్న భాగానికి దొరికే ప్రైమ్ లెన్సు మీ పాత కెమెరాను దానికన్నా ముందుకు తీసుకువెళుతుంది. ఒక్క హెచ్చరిక చేయాలి. డీ3500 బాడీలో ఫోకస్ మోటారు లేదు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతోంది కదా అని పాత 50 ఎఫ్ 1.8డీ లెన్సు కొంటే ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-ఎస్ (మోటారు లెన్సులోనే ఉండేది) అని రాసి ఉన్న 35 గానీ 50 గానీ చూసుకోండి. ఇంట్లో, వీధిలో తీయడానికి మీ సెన్సారు మీద 35 సహజంగా ఉంటుంది. ముఖాలకే అయితే 50.

మెగాపిక్సెళ్ళ గురించి ఎక్కువ రాయను. మీ కెమెరా ఇచ్చే 6000 × 4000 పిక్సెళ్ళతో 18 × 12 అంగుళాల ప్రింటును అంగుళానికి 300 చుక్కల చొప్పున నిక్షేపంగా వేయించవచ్చు. మీ ఇంట్లో అంత పెద్ద ప్రింటు ఇప్పటికి ఎన్ని ఉన్నాయో మీరే చెప్పాలి.

కెమెరా గొప్పదనం మీద ఎవరైనా మరీ ఎక్కువగా మాట్లాడినప్పుడు నేను మన ఊరి చరిత్రనే గుర్తుచేస్తాను. 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకుని, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరుగా హైదరాబాదులో స్థిరపడిన రాజా దీన్ దయాళ్ వాడినవి ముక్కాలి మీద నిలబెట్టే బరువైన చెక్క కెమెరాలు, గాజు పలకలు. ఆటోఫోకస్ లేదు. ఆ పలక మీద ఏం వచ్చిందో కడిగేదాకా తెలియదు. వరసగా పది తీసి ఒకటి ఏరుకునే వీలు లేదు. అయినా ఆయన తీసిన దర్బారు బృందాల ఫోటోల్లో యాభై మంది ఉన్నా ఎవరి ముఖం ఎవరి వెనకా దాక్కోదు. కట్టడాల ఫోటోల్లో స్తంభాలు నిటారుగా నిలబడి ఉంటాయి. నీడలో కూడా వివరం ఉంటుంది. ఎక్కడ నిలబడాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఏ గంటకు వెలుగు ఎటు ఉంటుంది అన్నవి నొక్కక ముందే ఆయన తేల్చుకున్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టిన నిజాం కాలపు పాత ఫోటోల ముందు ఒక ఆదివారం గంటసేపు గడపండి. ప్రతి ఫోటోలో వెలుగు ఎటునుంచి వచ్చిందో ముక్కు నీడను బట్టి గుర్తుపట్టే ప్రయత్నం చేయండి.

సాంకేతిక నాణ్యతకు, మంచి ఫోటోకు మధ్య ఉన్న దూరం తెలియాలంటే ఇంకొకటి చూడాలి. 1948 జనవరి 30 రాత్రి, గాంధీజీ మరణవార్తను నెహ్రూ ఢిల్లీలో బిర్లా హౌస్ గేటు దగ్గర జనానికి చెబుతున్నప్పుడు ఫ్రెంచ్ ఫోటోగ్రాఫరు ఆన్రీ కార్తియే-బ్రెసాఁ తన చిన్న లైకా కెమెరాతో తీసిన ఫోటో ఉంది. వెలుతురు చాలని ఆ రాత్రి ఫోటోలో మసక ఉంది, గ్రెయిన్ ఉంది. ఈనాటి మామూలు ఫోను కూడా దానికన్నా శుభ్రంగా తీస్తుంది. కానీ ఆ రాత్రి ఆ గేటు దగ్గర ఉండడం, ఆ ముఖం మీది దిగ్భ్రాంతిని చూసి ఆ క్షణాన నొక్కడం ఫోనులో గానీ కెమెరాలో గానీ ఉండే గుణం కాదు.

ఖరీదైన సామగ్రి అక్కరలేదని నేను ఎప్పుడూ చెప్పను, అలా చెప్పడం అబద్ధం అవుతుంది. అమీన్‌పూర్ చెరువులో దూరంగా నిలబడ్డ ఫ్లెమింగోలను మీ 55 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే గులాబీ రంగు చుక్కలు వస్తాయి; అక్కడ 400, 500 మిల్లీమీటర్ల లెన్సుకు బదులు నేర్పు సరిపోదు. రవీంద్రభారతిలో కూచిపూడి ప్రదర్శన తీయాలంటే ఫ్లాష్ వాడకూడదు, అక్కడ ఎఫ్ 2.8 జూమ్, చీకట్లో కూడా పట్టు వదలని ఆటోఫోకస్ చాలా ఉపయోగం. డబ్బు తీసుకుని పెళ్ళి చేసేవారికి రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక కార్డు పాడైతే ఆ ముహూర్తాన్ని మళ్ళీ పెట్టించలేము. మీ కెమెరాలో ఒక్క కార్డే పడుతుంది. చేయి తిరిగిన వాళ్ళు ఖరీదైన కెమెరాలు వాడడానికి అసలు కారణం చాలా సార్లు ఇలాంటి భరోసాయే, దానివల్ల ఫోటో అందంగా వస్తుందని కాదు. ఆ తేడా తెలియక కొత్తవాళ్ళు వాళ్ళ సంచిలో ఉన్నది కొంటే వాళ్ళ ఫోటోలు వస్తాయనుకుంటారు.

నేను పని నేర్చుకున్న స్టూడియోలో మా గురువుగారి దగ్గర యాషికా మ్యాట్ అనే ఫిల్ము కెమెరా ఉండేది. దానిలో ‘120’ రకం ఫిల్ము రోలు ఒకటి వేస్తే పన్నెండు ఫోటోలే వచ్చేవి. నాకు నెలకు ఒక రోలు ఇచ్చేవారు. ప్రతి ఫోటోకూ ముందు ఒక నోట్‌బుక్‌లో సమయం, వెలుగు వచ్చే దిక్కు, మనిషికి కెమెరాకు దూరం, ఏం వస్తుందని అనుకుంటున్నానో ఒక వాక్యం రాయాలి. రోలు కడిగి ప్రింట్లు వచ్చాక అదే పుట కింద ఏం వచ్చిందో రాయాలి. పై వాక్యానికి, కింది వాక్యానికి మధ్య ఉన్న తేడాయే నేను నేర్చుకోవలసింది అనేవారు. మొదటి మూడు నెలలు ఆ రెండు వాక్యాలు ఎప్పుడూ కలవలేదు. కలవడం మొదలయ్యాక నాకు కెమెరా మీద గౌరవం తగ్గలేదు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవడం తగ్గింది. మీ కెమెరా ఎన్ని ఫోటోలైనా తీస్తుంది కాబట్టి ఈ క్రమశిక్షణ మీరే పెట్టుకోవాలి.

నా దగ్గరికి వచ్చేవారికి నేను ఇచ్చే పని ఒకటి మీకూ చెబుతాను. మీ ఇంటికి దగ్గరలో ఏదో ఒక ఇరానీ హోటల్ ఎంచుకోండి. నెల రోజులు, వారానికి నాలుగు సార్లు, యజమాని అనుమతి అడిగి, ఒకే బల్ల దగ్గర కూర్చుని, జూమ్‌ను 35 దగ్గర పెట్టి ఇక ముట్టుకోకుండా, చాయ్ కప్పు మీది ఆవిరిని ఫోటో తీయండి. మొదటి రెండు మూడు రోజులు ఆవిరి అసలు కనబడదు. కప్పులో పొగలు కక్కుతున్నా ఫోటోలో ఉండదు. అప్పుడు మీరు బల్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. వీధి ద్వారం నుంచి వచ్చే వెలుగు కప్పు వెనకగా వచ్చి, ఆ కప్పు వెనక నేపథ్యం చీకటిగా, అంటే గోడకు ఆనించిన పాత చెక్క అల్మారా లాంటిది ఉన్నప్పుడు మాత్రమే ఆ ఆవిరి తెల్లటి దారాల్లా లేచి కనబడుతుంది. ఏ గంటకు ఆ వెలుగు ఆ బల్ల దాకా వస్తుందో, వచ్చి ఎన్ని నిమిషాలు ఉంటుందో పదో రోజుకు తెలుస్తుంది. ఇరవయ్యో రోజుకు ఆవిరి వెనక ఒక మనిషి చేయి, సాసర్‌లోకి చాయ్ ఒంపుతున్న పెద్దాయన, ఉస్మానియా బిస్కట్ ముంచుతున్న వేళ్ళు కనబడతాయి. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి ఈ పనిని మామూలు ఫోనుతో చేసింది. ఆమె తీసిన ముప్ఫై ఫోటోల్లో చివరి ఐదు నా గది గోడకు ఉన్నాయి.

మరొక పని కూడా చేయండి. ఈ ఏడాదిలో మీకు నచ్చని ఫోటోలు నలభై ఏరి, ఒక్కొక్కదాని కింద ఒక మాట రాయండి: వెలుతురు, చోటు, దూరం, క్షణం, నేపథ్యం, లేదా కెమెరా. ఏ ఫోటో కింద ‘కెమెరా’ అని రాసినా పక్కన కారణం కూడా రాయాలి. చేరలేని దూరమా, పట్టని ఆటోఫోకస్సా, సరిపోని వెలుగా అని స్పష్టంగా ఉండాలి. ‘కెమెరా’ కింద పదికి పైగా ఫోటోలు చేరి, వాటన్నింటికీ కారణం ఒకటే అయితే, అప్పుడు ఏం కొనాలో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. వెలుగు చాలకపోవడమే అయితే ప్రైమ్ లెన్సు, దూరం చాలకపోతే టెలీ లెన్సు, పెళ్ళిళ్ళు వృత్తిగా చేయాలనుకుంటే రెండు కార్డుల బాడీ.

వాయిదాల కాగితం మీద సంతకం చేయకుండా ఒక్క ఆరు నెలలు ఆగండి. ఈలోగా వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు నల్లకుంటలో మీ అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళండి. అమ్మమ్మగారిని ప్రత్యేకంగా కూర్చోబెట్టవద్దు, కెమెరా వైపు చూడమని అనవద్దు. ఆమె రోజూ ఆ వేళకు చేసే పని ఏదో, బియ్యం ఏరడమో, పూలు కట్టడమో, గడప లోపల ఆ వెలుగులో కూర్చుని చేసుకోమని అడగండి. మీరు ఒకటిన్నర మీటరు దూరంలో, ఆమె కళ్ళ ఎత్తుకు తగ్గట్టు నేల మీద కూర్చుని, 55 దగ్గర, ఎఫ్ 5.6తో, కబుర్లు చెబుతూ గంటసేపు ఉండండి. మొదటి పదిహేను నిమిషాల్లో తీసినవి బాగుండవు, ఆమె ఇంకా కెమెరాను మరచిపోయి ఉండరు. తరువాత తీసినవాటిలో మీకు నచ్చిన మూడు పంపండి, ఎడిటింగ్ ఏమీ చేయకుండా.